పదిహేడేళ్ల తర్వాత గడప దాటొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో టీచర్లవి, లెక్చరర్లవి ఎక్కువ. ప్రీ ఫైనల్స్ దగ్గర పడ్డాయంటే వచ్చే ఏడాది ఎక్కడ అన్న ఆలోచన కూడా మొదలవుతుంది కదా. అందుకని ఈ నెల మూడు ప్రశ్నలే తీసుకున్నాను. మొదటి దానికి జవాబు కాస్త పొడుగైంది, అందులోది చాలామందికి పనికొస్తుందని కుదించలేదు.

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాకు 42 ఏళ్లు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేశాను, బీఎడ్ లేదు. విజయవాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో 16 ఏళ్ల 8 నెలలుగా చెబుతున్నాను. పెళ్లయిన కొత్తలో చేరిన ఉద్యోగం, ఇప్పుడు మా పాప టెన్త్‌కి వచ్చింది. మొన్నమొన్నటి దాకా బాగానే గడిచింది. మూడేళ్ల క్రితం పెద్దాయన తప్పుకుని వాళ్లబ్బాయి చూసుకోవడం మొదలయ్యాక అంతా మారిపోయింది. పొద్దున ఆరున్నరకి స్టడీ అవర్‌లో ఉండాలి, ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు, ఆదివారం టెస్టు పేపర్లు. ఈ ఏడాది నా దగ్గరున్న టాప్ సెక్షన్ తీసి కొత్తగా వచ్చిన కుర్రాడికి ఇచ్చారు. పైగా వేసవిలో పదిహేను అడ్మిషన్లు తెస్తేనే ఇంక్రిమెంట్ అంటున్నారు. జీతం 62 వేలు, అందులో బేసిక్ 28 వేలు. ఒక సీబీఎస్ఈ స్కూలు వాళ్లు, ఇంకో కాలేజీ వాళ్లు డెమోకి రమ్మని రెండు నెలలుగా అడుగుతున్నారు. వెళ్లలేకపోతున్నాను మేడమ్. ఇక్కడ తప్ప ఇంకెక్కడా పనికిరానేమో అని భయం. ఇంకో సంగతి కూడా ఉంది. 2014లో మా నాన్నగారికి గుండె ఆపరేషన్ అయినప్పుడు పెద్దాయన అడగ్గానే డబ్బు సర్దారు, తర్వాత రెండేళ్ల పాటు జీతంలో కోసుకున్నారు. ఆ ఉప్పు తిని ఇప్పుడు వెళ్లిపోవడం తప్పేమో అనిపిస్తుంది. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు డెమోకి వెళ్లండమ్మా. మానేయాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. మీరు రెండింటినీ కలిపేసుకుని ఒకటే పెద్ద బెంగ చేసుకున్నారు. డెమో ఇచ్చినంత మాత్రాన ఉద్యోగం మారినట్టు కాదు, ఎవరికీ మాట ఇచ్చినట్టూ కాదు. పదహారేళ్లుగా మీ పాఠం ఎలా ఉందో మీ కాలేజీ వాళ్లే చెబుతున్నారు, మెచ్చుకున్నా వాళ్లే, సెక్షన్ తీసేసినా వాళ్లే. బయటివాళ్లు చూసి ఒక మాట చెప్పేదాకా "పనికిరానేమో" అన్న భయం మిమ్మల్ని వదలదు.

ఇది నేను పడి తెలుసుకున్నదే. నేను కెమిస్ట్రీ చెప్పేదాన్ని, 19 ఏళ్లు ఒకే మేనేజ్‌మెంట్ దగ్గర చేసి 44వ ఏట బయటికొచ్చాను. మొదటి డెమో ఒక సీబీఎస్ఈ స్కూల్లో, పదకొండో తరగతి పిల్లలు ఇరవై మంది ఉన్నారు. టాపిక్ సమతాస్థితి, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అలవాటు కొద్దీ బోర్డు మీద హెడ్డింగ్ రాసి, కింద గీత గీసి, "రాసుకోండి" అన్నాను. తిరిగి చూస్తే ఒక్క నోట్‌బుక్ కూడా తెరుచుకోలేదు, అందరూ నా మొహం వైపే చూస్తున్నారు. ముందు వరసలో ఉన్న పాప మెల్లగా, "మేడమ్, ముందు ఏంటో చెప్పండి, తర్వాత రాసుకుంటాం" అంది. చాక్‌పీస్ పట్టుకున్న చేతికి చెమట పట్టడం నాకింకా గుర్తుంది. ఆ ఉద్యోగం రాలేదు.

మూడు వారాల తర్వాత ఇంకో స్కూలు పిలిచింది. ఈసారి రెండు గోళీ సోడాలు పట్టుకెళ్లాను. పిల్లల ముందే గోళీ నొక్కితే బుస్సుమని పొంగింది. "ఇంత గ్యాసు ఇప్పటిదాకా ఎక్కడుంది? ఇప్పుడే ఎందుకు బయటికొచ్చింది?" అని అడిగి ఊరుకున్నాను. పిల్లలు వాదులాడుకోవడం మొదలుపెట్టారు, నేను మధ్యమధ్యలో ఒక మాట అందించానంతే. చివరి పది నిమిషాల్లో సమీకరణం బోర్డు మీదికి దానంతటదే వచ్చింది. ఆ ఉద్యోగం వచ్చింది, జీతం మాత్రం పాతదానికంటే ఆరు వేలు తక్కువ.

ఇన్నేళ్లూ మనం చెప్పింది 2 మార్కులు, 4 మార్కులు, 8 మార్కుల లెక్కలో. ఏ ప్రశ్న ఏ ఏడాది వచ్చిందో నోటికి వస్తుంది. అది చిన్న విద్యేమీ కాదు, దాంతో ఎంతోమంది పిల్లలు గట్టెక్కారు. కానీ సీబీఎస్ఈలో 11, 12 తరగతులకి 2024-25 నుంచి సగం ప్రశ్నలు చదివింది వాడగలరా లేదా అని పరీక్షించేవే, ఫిజిక్స్‌లో వంద మార్కులకి ముప్పై ప్రాక్టికల్స్‌కే. కాబట్టి మీ డెమోకి ఒక స్క్రూ గేజి పట్టుకెళ్లండి. ఒక పిల్లని పిలిచి తన తల వెంట్రుక మందం కొలవమనండి, పక్కవాడిదీ కొలవమనండి. రెండు రీడింగులూ ఎందుకు తేడా వచ్చాయో, సున్నా దోషం ఎక్కడుందో వాళ్లతోనే చెప్పించండి. ల్యాబ్ తాళం తీసి ఎన్నాళ్లయిందో అన్నట్టుండే కాలేజీల నుంచి వచ్చిన మనకి మొదట చేతులు వణుకుతాయి, అందుకని ఇంట్లో పాప ముందు రెండుసార్లు చేసి చూసుకోండి. టెన్త్ పిల్ల కదా, మొహమాటం లేకుండా చెబుతుంది.

ఇక మీరు ఉత్తరంలో అడగని విషయం, కానీ నా మటుకు నాకు ఇదే ముఖ్యం. నోటితో ఎవరికీ ఏమీ చెప్పకముందే మీ కాగితాలు చూసుకోండి. యూఏఎన్‌తో (పీఎఫ్ కోసం మీకిచ్చిన నంబరు) లాగిన్ అయి పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. పదహారేళ్లూ ఒకే సంస్థ పేరు మీద ఉందా, లేక మధ్యలో పేర్లు మారాయా? చాలాచోట్ల ఒకే మేనేజ్‌మెంట్ కింద రెండు మూడు సొసైటీలు, ట్రస్టులు ఉంటాయి. మనం అదే గదిలో అదే బెంచీల ముందు పాఠం చెబుతూనే ఉంటాం, కాగితం మీద మాత్రం నాలుగేళ్లకోసారి ఒక సొసైటీలో మానేసి ఇంకో దాంట్లో చేరినట్టు ఉంటుంది. అలా ఉంటే గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి పనిచేసి మానేసినప్పుడు సంస్థ ఇవ్వాల్సిన మొత్తం, అడిగినప్పుడు "మీకు ఐదేళ్లు నిండలేదు" అంటారు. మీకు అలా జరిగి ఉంటే ఇన్నేళ్ల ఐడీ కార్డులు, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్లు, టైమ్‌టేబుళ్లు, ఇన్విజిలేషన్ ఆర్డర్లు, మీ పేరున్న ఫ్లెక్సీ ఫొటో అయినా సరే, అన్నీ ఇప్పుడే ఇంట్లో ఒక ఫైల్లో పెట్టుకోండి. అలాగే ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో 26ఏఎస్ చూడండి, మీ పేరున కోసిన పన్ను వివరాలు అందులో ఉంటాయి. పన్ను జీతం కింద కోశారా, ప్రొఫెషనల్ ఫీజు కింద కోశారా? రెండోదైతే లెక్కల్లో మిమ్మల్ని ఉద్యోగిగా కాకుండా బయటి కన్సల్టెంట్‌గా చూపుతున్నారని అర్థం. అప్పుడు ఒక లాయర్‌ని కలవకుండా ముందుకెళ్లొద్దు.

"టీచర్లకి గ్రాట్యుటీ ఏంటండీ" అనే అకౌంటెంట్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలా అనడానికి ఒక పాత కారణం ఉంది. 2004లో సుప్రీంకోర్టు, టీచర్లు 1972 గ్రాట్యుటీ చట్టం చెప్పిన ఉద్యోగి నిర్వచనంలోకి రారు అంది. 2009లో పార్లమెంటు ఆ నిర్వచనాన్నే మార్చి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా చేసింది. ప్రైవేటు స్కూళ్లు దాని మీద కోర్టుకెళితే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు సవరణ చెల్లుతుందని తేల్చేసింది. ఆ పాత చట్టం ఇప్పుడు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయింది. ఐదేళ్ల సర్వీసు ఉండాలన్నదీ, ఏడాదికి 15 రోజుల జీతమన్నదీ మీలాంటి రెగ్యులర్ ఉద్యోగులకి అలాగే ఉన్నాయి.

మీ లెక్క చేసి చూపిస్తాను. నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 16 ఏళ్ల మీద ఆరు నెలలు దాటాయి కాబట్టి 17 కింద తీసుకుంటారు. బేసిక్ 28 వేలే పట్టుకున్నా 2,74,615 రూపాయలు వస్తాయి. కొత్త కోడ్‌లో ఇంకో మాట ఉంది. అలవెన్సులన్నీ కలిపి మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన మేరకి దాన్నీ వేతనం కిందే లెక్క కట్టాలి. మీ 62 వేలలో సగం 31 వేలు, ఆ లెక్కన 3,04,038 రూపాయలు అవుతుంది. దీని దగ్గర మీ అకౌంట్స్ వాళ్లు వాదనకి దిగొచ్చు, మొదటి లెక్క దగ్గర మాత్రం వాదించడానికి ఏమీ లేదు. వేసవి సెలవుల్లో జీతం ఆపేసేవాళ్లు కాబట్టి సర్వీసు తెగిందని ఎవరైనా అంటే భయపడకండి, ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే అది కొనసాగిన సర్వీసే. మానేశాక 30 రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి. ఇవ్వకపోతే కార్మిక శాఖ ఆఫీసులో గ్రాట్యుటీ చూసే అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు.

పీఎఫ్ డబ్బు మాత్రం తీయొద్దు. చేతికి కాస్త పెద్ద మొత్తం వస్తుందని, పాప ఇంటర్ ఫీజుకి అక్కరకొస్తుందని అనిపిస్తుంది. కొత్త చోట అదే యూఏఎన్ ఇచ్చి బదిలీ చేయించుకోండి. పదేళ్లు దాటిన సర్వీసు కాబట్టి 58 ఏళ్లకి నెలనెలా పెన్షన్‌కి మీకు ఇప్పటికే అర్హత వచ్చేసింది, దాన్ని చెదరగొట్టుకోకండి. మానేసిన తేదీ పోర్టల్‌లో పాత కాలేజీ వాళ్లు నమోదు చేయకుండా నాన్చితే, చివరి చందా పడ్డ రెండు నెలల తర్వాత మీరే నమోదు చేసుకోవచ్చు.

ఇప్పుడు ఎక్కడికి అన్న సంగతి. ఇంకో కార్పొరేట్ కాలేజీకి వెళితే జీతం ఐదో పదో పెరగొచ్చు, కానీ మీ ఉత్తరంలో మీ బాధ జీతం కాదు. ఆరున్నర స్టడీ అవర్, ఆదివారం పేపర్లు, అడ్మిషన్ల టార్గెట్. అవి అక్కడా ఉంటాయి. కాకపోతే ఏ కాలేజీ ఎలాంటిదో ఇంటర్వ్యూ గదిలో తెలియదమ్మా, సాయంత్రం ఆ గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర తెలుస్తుంది. మీవారిని తీసుకుని ఒక రోజు వెళ్లి, బయటికొచ్చే లెక్చరర్లని అడగండి. వేసవిలో జీతం ఇస్తారా, అడ్మిషన్లు తెమ్మంటారా, కిందటేడు ఎంతమంది మధ్యలో మానేశారు? ఈ మూడు అడిగితే చాలు.

నాకైతే మీకు స్కూలే బాగుంటుందనిపిస్తోంది. కానీ బీఎడ్ లేకపోవడం దగ్గర చిక్కుంది, అది దాచి నేను మిమ్మల్ని ఉత్సాహపరచలేను. సీబీఎస్ఈలో ప్లస్ వన్, ప్లస్ టూకి చెప్పే పీజీటీ పోస్టుకి పీజీతో పాటు బీఎడ్ ఉండాలి. ఐఐటీ, నీట్ ఫౌండేషన్ ఫ్యాకల్టీ పేరుతో బీఎడ్ లేనివాళ్లని కూడా స్కూళ్లు తీసుకుంటాయి, మిమ్మల్ని అడుగుతున్నది బహుశా అందుకే. అది మంచి పనే, కానీ పీజీటీ పోస్టూ అదీ ఒకటి కాదు. ఏ హోదాలో తీసుకుంటున్నారో, ఆ హోదాకి పీఎఫ్ ఉందా, పన్నెండు నెలలూ జీతం ఉందా అన్నది అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసి ఇవ్వమనండి. నోటిమాట మీద చేరొద్దు. బీఎడ్ చేద్దామంటే ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌కి గరిష్ఠ వయసు అడ్డం రాదు, కానీ అది రెండేళ్ల రెగ్యులర్ కోర్సు, ఉద్యోగం చేసుకుంటూ కుదరదు. దూరవిద్య బీఎడ్ ట్రైనింగ్ పొంది పనిచేస్తున్న ప్రాథమిక స్థాయి టీచర్ల కోసం పెట్టింది, మీకు వర్తించదు. "మీరు కాలేజీకి రానక్కర్లేదు, అటెండెన్స్ మేం చూసుకుంటాం" అనేవాళ్లు మీకు కచ్చితంగా తగులుతారు. పదిహేడేళ్లు నిజాయితీగా పాఠం చెప్పినవాళ్లు ఆ దారి తొక్కొద్దమ్మా, రేపు ఆ సర్టిఫికెట్ మీద ఎవరైనా ఒక ప్రశ్న వేస్తే నిద్ర పట్టదు.

ఇంకో దారి డిగ్రీ కాలేజీ. ఎమ్మెస్సీలో 55 శాతం ఉంటే సీఎస్ఐఆర్ నెట్‌లో ఫిజికల్ సైన్సెస్ రాయొచ్చు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వరకే అయితే వయసు పరిమితి లేదు. ఏపీ సెట్ కూడా ఉంది, ఆంధ్రా యూనివర్సిటీ నిర్వహిస్తుంది. ప్రైవేటు డిగ్రీ కాలేజీ జీతాలు చూస్తే మీకు నిరాశ కలుగుతుంది, అందుకని వెంటనే అటు వెళ్లమనడం లేదు. కానీ కొత్త చోట ఆదివారాలు మిగిలితే ఆ ఆదివారాలు దీనికి పెట్టండి. ఇన్నేళ్లు ఇంటర్ ఫిజిక్స్ చెప్పిన చేతికి క్వాంటమ్ మెకానిక్స్ మళ్లీ పట్టుబడటానికి ఏడాది పడుతుంది, పట్టుబడుతుంది మాత్రం.

జీతం తగ్గితే ఎలా అంటారా? నేను ఆరు వేలు తగ్గించుకున్న ఏడాది మా ఇంట్లో లెక్క వేశాం. రోజూ రాత్రి బయటినుంచి తెప్పించే కర్రీలు, పిల్లాడి ట్యూషన్, నా వెన్నునొప్పికి మందులు, ఆటో ఛార్జీలు. ఇంట్లో ఉండి నేను పాఠం చెప్పగలిగాక ట్యూషన్ అక్కర్లేకపోయింది, కూర వండుకోగలిగాం. ఆరువేలకి నాలుగువేలు అక్కడే వచ్చేశాయి. మీ ఇంటి లెక్క వేరుగా ఉండొచ్చు, కానీ మీవారితో కూర్చుని కాగితం మీద వేయండి. ఏప్రిల్, మే రెండు నెలలు జీతం లేకుండా గడిచేంత డబ్బు ముందే పక్కన పెట్టుకోండి, గ్రాట్యుటీ వస్తుందిలే అని దాని మీద ఆధారపడొద్దు.

చివరిగా ఆ ఉప్పు మాట. అప్పు రెండేళ్లలో తీరిపోయింది, మీ జీతంలోంచే తీరింది. అకౌంట్స్‌లో అడ్వాన్స్ బాకీ లేదని రాసిన కాగితం ఉందో లేదో మాత్రం చూసుకోండి, ఫైనల్ సెటిల్‌మెంట్ రోజున పాత పద్దులు లేస్తుంటాయి. ఇక కృతజ్ఞత అంటారా, అది మీకు ఆయనతో ఉన్న బంధం, వాళ్లబ్బాయి పెట్టిన టార్గెట్‌తో దానికి సంబంధం లేదు. నిజంగా మానేయాలని తేల్చుకున్నాక, లెటర్ ఇచ్చే ముందు రోజు సాయంత్రం పెద్దాయన ఇంటికెళ్లండి. నాన్నగారి ఆపరేషన్ నాటి సంగతి గుర్తుచేసి, "సార్, ఆ రోజు మీరు చేసింది మరచిపోను, ఇప్పుడు వేరే చోటికి వెళుతున్నాను" అని మీ నోటితో చెప్పండి. నేను మా కరస్పాండెంట్ గారికి అలా చెప్పకుండా వచ్చేశాను. రెండేళ్లకి ఆయన పోయారు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

లెటర్ ఎప్పుడు ఇవ్వాలంటే, మీ సీనియర్ ఇంటర్ పిల్లల పబ్లిక్ పరీక్షలు అయ్యాక. మధ్యలో వెళ్లొద్దు, కాలేజీ కోసం కాదు, ఆ పిల్లల కోసం. కొత్తచోటు వాళ్లు "రేపే చేరండి" అని తొందరపెడితే, "నా పిల్లల పరీక్షలు అయ్యాక వస్తాను" అనండి. అది అర్థం చేసుకోని చోట చేరకపోయినా నష్టం లేదు. లెటర్ నాలుగు వాక్యాలు చాలు, అందులో ఫిర్యాదులు రాయొద్దు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి, అదే రోజు మెయిల్ కూడా పెట్టండి. రిలీవింగ్ లెటర్, చేరిన తేదీ, మానేసిన తేదీ, చెప్పిన సబ్జెక్టు ఉన్న ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా అడుగుతూనే ఉండండి.

డెమో అయ్యాక ఎలా జరిగిందో నాకు రాయండి. వెంట్రుక ఎంత మందం వచ్చిందో కూడా.

ప్రశ్న: మేడమ్, నేను గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో 11 ఏళ్లుగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. మారదామనుకుంటే నా టెన్త్ నుంచి ఎంటెక్ దాకా ఒరిజినల్స్ వాళ్ల దగ్గరున్నాయి. మూడేళ్ల దాకా చుట్టుపక్కల ఏ కాలేజీలోనూ చేరకూడదని చేరేటప్పుడు సంతకం కూడా తీసుకున్నారు. దారి ఉందా?
– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: ఉంది సార్. ముందు ఆ మూడేళ్ల సంతకం గురించి బెంగ వదిలేయండి. ఉద్యోగం మానేశాక ఫలానా చోట పనిచేయకూడదని రాయించుకున్న షరతు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. కానీ ఉద్యోగంలో ఉన్నంతకాలం పాటించాల్సిన షరతులు, నోటీసు గడువు, ఫలానా కాలం పనిచేస్తానని రాసిన బాండు, వీటి సంగతి వేరు. నోటీసు గడువు పాటించకుండా వెళితే ఆ మేరకి జీతం కోసుకోవచ్చు, కాబట్టి ఆర్డర్‌లో ఎన్ని నెలలుందో చూసి అన్నీ పనిచేసే రండి.

ఒరిజినల్స్ మీ ఆస్తి, వాటిని తాకట్టు సొత్తులా ఉంచుకునే హక్కు కాలేజీకి లేదు. పాపం చాలామంది అడగడానికే జంకుతారు, అడిగితే మానేస్తున్నామని తెలిసిపోతుందని. మానేసే మాట ఎత్తకుండానే అడిగే కారణాలు బోలెడు. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్‌కి వెరిఫికేషన్ అనో, పాస్‌పోర్టు పని అనో లేని సాకు చెప్పొద్దు, నిజంగా ఉన్న అవసరమే చెప్పి లిఖితపూర్వకంగా అడగండి, అబద్ధం ఆడితే రేపు అదే మీ మీద వాడతారు. ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో ఇంకో లెటర్, ఆ తర్వాత లాయర్ నోటీసు, మీ కాలేజీ అనుబంధంగా ఉన్న యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కి ఫిర్యాదు. చాలాసార్లు నోటీసు దగ్గరే బీరువా తెరుచుకుంటుంది. ఒకటి గుర్తుంచుకోండి, టీచర్లు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పిన 'వర్క్‌మెన్' కారని 1988లోనే సుప్రీంకోర్టు అంది, అందుకని బకాయి జీతాల కోసం నేరుగా లేబర్ కోర్టుకి వెళ్లి కూర్చుంటే లాభం ఉండకపోవచ్చు. గ్రాట్యుటీకి మాత్రం పైన చెప్పిన దారి మీకూ ఉంది. ఇకనుంచి ఎక్కడ చేరినా వెరిఫికేషన్ చేసుకుని అదే రోజు తిరిగిచ్చేయమనండి, ఉంచుకుంటామంటే రసీదు అడగండి.

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 36 ఏళ్లు, ఓసీ. డీఎడ్ చేశాను. ఒంగోలులో ఒకే ప్రైవేటు స్కూల్లో 12 ఏళ్లుగా మూడు, నాలుగు తరగతులకి చెబుతున్నాను. టెట్ ఇంకా పాసవలేదు. ఉద్యోగం మానేసి అవనిగడ్డ వెళ్లి డీఎస్సీ కోచింగ్ తీసుకుందామనుకుంటున్నాను. మా ఆయన వద్దంటున్నారు.
– ఒక టీచరమ్మ, ఒంగోలు

జవాబు: ఈసారికి మీవారి మాటే వినమంటాను తల్లీ, అంటే కోచింగ్ వద్దని కాదు, ఇప్పుడు వద్దని. టెట్ లేకుండా డీఎస్సీ రాయలేరు, పైగా ఏపీలో టెట్ మార్కులకి 20 శాతం వెయిటేజీ ఉంది. కాబట్టి ముందు టెట్. అది ఉద్యోగం చేసుకుంటూ రాయగలిగిన పరీక్షే, మీరు రోజూ చెప్పే తరగతుల సిలబస్సే అందులో సగం. ఒకసారి పాసైతే ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది, మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయనూ వచ్చు. డీఎస్సీ కోసం కాకపోయినా టెట్ మీకు కావాలి. ఒకటి నుంచి ఎనిమిది తరగతులు చెప్పేవాళ్లకి టెట్ అవసరమని 2010 నుంచే ఉంది, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఎప్పటినుంచో సర్వీసులో ఉన్నవాళ్లు కూడా పుస్తకాలు పట్టుకుంటున్నారు.

మీ డీఎడ్‌ని తక్కువగా చూసుకోవద్దు. ప్రాథమిక తరగతులు చెప్పే ఎస్జీటీ పోస్టులకి బీఎడ్ పనికిరాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పాక మీ పోటీ బాగా తగ్గింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులిచ్చారు, అప్పుడు ఓసీలకి 44 ఏళ్ల దాకా అవకాశం ఇచ్చారు. వచ్చే నోటిఫికేషన్‌లో వయసు ఎంతని పెడతారో అప్పుడు చూసుకోవాలి, కానీ 36 అంటే కంగారు పడేంత వయసైతే కాదు.

ఇలా చేయండి. రోజూ తెల్లవారుజామున గంటన్నర టెట్‌కి. బడిలో ఏదైనా పాఠం చెప్పినప్పుడు ఇందులోంచి టెట్‌లో ఏం అడగొచ్చు అని ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి, స్టాఫ్ రూమ్‌లో ఖాళీ పీరియడ్‌లో అది తిరగేయండి. టెట్‌లో వందా పాతికకి తగ్గకుండా తెచ్చుకోండి, 150కి. డీఎస్సీ నోటిఫికేషన్ తేదీ పేపర్లో వచ్చిన రోజున మానేసి అవనిగడ్డ బండెక్కండి, అప్పుడు మీవారు కూడా అడ్డు చెప్పరు. అప్పటిదాకా నెల జీతం వదులుకోకండి. పన్నెండేళ్ల సర్వీసు కాబట్టి మానేసేటప్పుడు పైన విజయవాడ అమ్మాయికి వేసి చూపించిన గ్రాట్యుటీ లెక్క మీకూ వేసుకోండి, ఆ డబ్బు కోచింగ్ ఫీజుకీ హాస్టల్‌కీ సరిపోవచ్చు.